చుక్కలు పెట్టకుండా ముగ్గు: గుండ్రం వేస్తే కోడిగుడ్డు అవుతోంది, ఏం చేయాలి?

కొత్తవాకిలి | డిసెంబర్ 17, రాత్రి 9:52

నమస్తే అందరికీ. నెల కింద హన్మకొండలో సొంతింట్లోకి వచ్చాం. అంతకుముందు తొమ్మిదేళ్లు ఫ్లాట్. గడప ముందు స్టిక్కర్ ముగ్గు అతికిస్తే ఏడాది గడిచిపోయేది. ఇప్పుడు గేటు ముందు పదడుగుల సిమెంటు వాకిలి ఉంది, పైగా ధనుర్మాసం మొదలైంది. మా గల్లీలో పొద్దున ఆరున్నరకల్లా ప్రతి వాకిట్లో ముగ్గు పడుతుంది. మాది మాత్రం పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వచ్చినట్టు ఉంటోంది.

నాకు చుక్కల ముగ్గు వచ్చు. 7 నుంచి 4 దాకా సందు చుక్క పెట్టి, ఫోన్ పక్కన పెట్టుకుని కలుపుతాను. కానీ ఎదురింటి అక్క చుక్క పెట్టదు, ఫోన్ చూడదు. నడుం వంచి నాలుగు తిప్పులు తిప్పిందంటే అక్కడ నెమలి ఉంటుంది. నేను తిప్పితే గీత ఒకచోట తాడంత లావు, ఇంకోచోట అసలు పడదు. గుండ్రం కోడిగుడ్డు అవుతుంది. ఎనిమిది రేకులు అనుకుని మొదలుపెడితే ఏడు పట్టి, ఎనిమిదోదానికి చోటు మిగలదు.

మా అత్తమ్మ ఏమీ అనదు. అదే నా టెన్షన్. నిన్న నా ముగ్గు చూసి "ఏం గాదు బిడ్డా, చెంబెడు నీళ్లు పోస్తే పోతది" అన్నది.

భోగికి నిండా నాలుగు వారాలు కూడా లేవు. పోటీలకు కాదు, మా వాకిట్లోకే. ఫోన్ చూడకుండా, చుక్క పెట్టకుండా ఒక్క ముగ్గు వేయగలిగితే చాలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

402_బాల్కనీ | డిసెంబర్ 17, రాత్రి 10:05

జల్లెడ స్టెన్సిల్ కొనుక్కోండి. పిండి పోసి ఊపితే పది సెకన్లలో పద్మం. నేను రోజూ అదే చేస్తాను.

సకినాలపిండి | డిసెంబర్ 18, ఉదయం 5:40

402, ఆమె అడిగింది ఒకటి, నువ్వు చెప్పింది ఒకటి.

బిడ్డా కొత్తవాకిలీ, నీకు సకినాలు చుట్టడం వచ్చా? వస్తే ముగ్గు సగం వచ్చినట్టే. మాది నర్సంపేట వైపు. మా అమ్మ నన్ను కూర్చోబెట్టి ముగ్గు నేర్పలేదు. సంక్రాంతికి సకినాలు చుట్టించింది. నువ్వులు, వాము కలిపిన తడి బియ్యప్పిండి ముద్దను చేతిలో పట్టుకుని, బొటనవేలితో నలుపుతూ, మెలి పెడుతూ, బట్ట మీద వరుస చుట్టూ వరుస వదులుతాం కదా. అక్కడ మనం పిండితో గీయం. చెయ్యి ముందు పోతూ ఉంటుంది, పిండి దాని వెనక పడుతూ ఉంటుంది. ముగ్గు కూడా అంతే. నువ్వు గీస్తున్నావు. పెన్సిల్ పట్టినట్టు పిండిని పట్టి నొక్కుతున్నావు, అందుకే ఒకచోట లావు, ఒకచోట సన్నం.

పిండి గుప్పిట్లోకి తీసుకో, చిటికెడు కాదు. చిటికెడైతే జానెడు గీతకే అయిపోయి మళ్లీ డబ్బాలో చెయ్యి పెట్టాలి, అక్కడ గీత తెగుతుంది. బొటనవేలు చూపుడువేలి నడిమి కణుపు మీద ఆనించి, అక్కడి నుంచి కొస దాకా మెల్లగా జరుపు. పిండి ధారగా జారుతుంది. చెయ్యి నేలకు రెండు వేళ్ల మందం ఎత్తులో ఉండాలి. ఇంకా పైకి లేపితే గీత పొగలా పరుచుకుంటుంది. నేలకు తాకిస్తే చెయ్యి ఆగిపోయి కుప్ప పడుతుంది. మణికట్టు తిప్పకు, భుజం కాడి నుంచి చెయ్యంతా కదలాలి.

ఒక వారం ముగ్గు అనే మాటే వద్దు. నిలువు గీతలు, అడ్డ గీతలు, సకినం లెక్క ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రాలు. వేసి కడుగు, వేసి కడుగు.

గీతలటీచర్ | డిసెంబర్ 18, ఉదయం 8:15

అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నేను పెద్దపల్లి దగ్గర బడిలో డ్రాయింగ్ చెప్తాను. "ముందు కాగితం మీద పెన్సిల్‌తో వందసార్లు వేసుకుని తర్వాత వాకిట్లో వేస్తాను" అంటారు చాలామంది. కాగితం మీద వేస్తే డిజైన్ గుర్తుంటుంది, అంతవరకే. పెన్సిల్ కొస ఎక్కడుందో కంటికి కనబడుతుంది, కాగితం చేతికి ఆనుతుంది. పిండికి ఆ ఆసరా లేదు. అందుకే చెయ్యి తిరగాలంటే పిండితోనే తిరగాలి.

ఏడు రేకుల సంగతికి వద్దాం. మీరు ఒక రేకు వేసి, దాని పక్క రేకు, దాని పక్క రేకు అంటూ చుట్టూ పోతున్నారు, అవునా? అలా పోతే ప్రతి రేకులో జరిగే చిన్న తేడా పోగై చివరి రేకు మీద పడుతుంది. తూర్పు రేకు వేశాక పడమర రేకు వేయండి. తర్వాత ఉత్తరం, దక్షిణం. ఇక నాలుగు సందులు మిగులుతాయి, ఒక్కో సందులో ఒక్కో రేకు. ఎనిమిది. తేడా వచ్చినా నాలుగు వైపులకూ పంచుకుపోతుంది కాబట్టి కంటికి ఆనదు.

ఆరు రేకులకైతే ఇంకా సులువు. ఒకే సైజు గాజులు ఏడు తీసుకోండి. ఒకటి మధ్యలో పెట్టి మిగతావి దాని చుట్టూ ఆనించి పెట్టండి. సరిగ్గా ఆరు పడతాయి, సందు మిగలదు, ఇరుకూ కాదు. గాజులే కానక్కర్లేదు, ఒకే సైజు స్టీలు మూతలైనా అంతే. పిల్లలకు ఇది చూపిస్తే ఏడో మూత ఇరికించాలని పీరియడంతా కొట్లాడతారు.

చుక్కలపార్టీ | డిసెంబర్ 18, మధ్యాహ్నం 1:30

నా మాట చేదుగా ఉంటుందేమో. చుక్కల ముగ్గును తక్కువ చేసి మాట్లాడటం ఈమధ్య ఫ్యాషనైంది. మా నానమ్మ జగిత్యాలలో 21 చుక్కల మెలికల ముగ్గు ఒక్క గీత తెగకుండా తిప్పేది. గీత ఎక్కడ బయల్దేరిందో అక్కడికే వచ్చి కలిసేది. ఆ లెక్క చేతి ముగ్గులో ఎక్కడుంది? ఇష్టమొచ్చినట్టు నాలుగు ఆకులు గీసి రంగు నింపితే అదీ ముగ్గేనా?

సకినాలపిండి | డిసెంబర్ 18, మధ్యాహ్నం 2:10

మీ నానమ్మ 21 చుక్కలు పెట్టేటప్పుడు స్కేలు పెట్టి కొలిచిందా? చుక్కకు చుక్కకు మధ్య ఎడం ఆమె చేతిలోనే ఉంది కదా. అదే చేతి ముగ్గు.

చుక్కలపార్టీ | డిసెంబర్ 18, మధ్యాహ్నం 2:25

అమ్మతో వాదన పెట్టుకోకూడదని నాకు ముందే తెలియాల్సింది 🙏

402_బాల్కనీ | డిసెంబర్ 18, సాయంత్రం 7:20

పొద్దున తిట్లు తిన్నాను కాబట్టి ఒక పనికొచ్చే మాట చెప్తాను. మాకు వాకిలి లేదు, ఉన్నది బాల్కనీ, లిఫ్ట్ ముందు నాలుగు టైల్స్. సకినాలపిండి అమ్మ పోస్ట్ చదివి, నల్ల ప్లాస్టిక్ ట్రేలో మెత్తటి ఉప్పుతో గీతలు వేసి చూశాను. ఉప్పు బాగా జారుతుంది, తప్పైతే ట్రే ఒక్కసారి ఊపితే చెరిగిపోతుంది, అయిపోయాక డబ్బాలో పోసేయొచ్చు. టీవీ చూస్తూ కూడా వేయొచ్చు. మా ఆవిడకు ఈ వారం నైట్ డ్యూటీ, నర్సు. అందుకే మా ఇంట్లో పొద్దున ముగ్గు నా వంతు. వాట్సాప్‌లో ఫొటో పెడితే "స్టెన్సిల్ పోయిందా?" అని అడిగింది.

కొత్తవాకిలి | డిసెంబర్ 20, ఉదయం 7:05

అమ్మా, టీచర్ గారూ, రెండు రోజులు గీతలే వేశాను. ఫొటో పెట్టాను, నవ్వకండి. ఎదురుగా ఉన్న రేకు ముందు వేసే పద్ధతి అద్భుతంగా పనిచేసింది, మొదటిసారి ఎనిమిదికి ఎనిమిది వచ్చాయి. కానీ గీత ఇంకా తెగుతోంది. వేళ్ల మధ్య పిండి ముద్దకడుతోంది, విదిలిస్తే ఒక్కసారిగా పడుతోంది. సాన్పు (కళ్లాపి) చల్లిన వెంటనే వేస్తున్నాను, పిండి నేలకు అతుక్కోవాలని. పిండి బియ్యప్పిండే, మిల్లులో మెత్తగా పట్టించాను.

గల్లీ_పిండిబండి | డిసెంబర్ 20, ఉదయం 9:40

రోగం దొరికింది. మా బాపు సైకిల్ మీద ముగ్గు అమ్మేవాడు, నేనిప్పుడు బండి మీద అమ్ముతున్నాను. రెండు తప్పులున్నాయి.

ఒకటి, పిండి మరీ మెత్తగా ఉంది. చపాతీ పిండిలా మెత్తగా ఉన్నది వేళ్ల మధ్య జారదు, అదుముకుంటుంది. ముగ్గుకు సన్న రవ్వలా ఉండాలి. మిల్లులో చెప్తే బరకగా పట్టిస్తారు. ఇప్పటికే పట్టించింది ఉంటే పారేయకండి, జల్లించిన సన్న ఇసుక కొంచెం కలపండి. మూడు వంతుల పిండికి ఒక వంతు ఇసుకతో మొదలుపెట్టి, చేతికి ఎలా జారుతుందో చూసి తగ్గించుకోండి. రంగు పొడులకు కూడా ఇదే కిటుకు.

రెండు, నేల మరీ తడిగా ఉంది. సాన్పు చల్లి నీళ్లు నిలిచి ఉండగా వేస్తే తడి వేళ్లకెక్కుతుంది, వేళ్ల నుంచి పిండికి. నీళ్లు ఇంకి నేల నల్లగా, చల్లగా ఉన్నప్పుడు వేయాలి. చేతి వెనక వైపు ఆనిస్తే చల్లగా తగలాలి, తడి అంటకూడదు. అప్పుడు పిండి పట్టుకుంటుంది.

మంచు పడే రోజుల్లో పిండి డబ్బా బయట పెట్టకండి. ఒక గంట ఎండలో పోసి ఆరబెట్టుకుంటే వారం హాయిగా జారుతుంది. ఇంకో మాట, అమ్మేవాణ్ణే అయినా చెప్తున్నాను: రాతిపొడి ముగ్గు తెల్లగా మెరుస్తుంది కానీ పోసేటప్పుడు దుమ్ము లేస్తుంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోండి, పిల్లలకు బియ్యప్పిండి ఇవ్వండి.

ఎడమచేయి | డిసెంబర్ 20, ఉదయం 11:00

నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు "ఎడమచేత్తో ముగ్గు వేయొద్దు" అని ఇంట్లో వాళ్లు అనేవాళ్లు, కుడిచేత్తో వేస్తే దెయ్యం గీతలు వచ్చేవి. పెళ్లయ్యాక మా యారాలు "నీ వాకిలి నీ ఇష్టం" అన్న రోజు నుంచి ఎడమచేత్తోనే వేస్తున్నాను. నాలాంటివాళ్లకు ఒకటే మాట: వీడియోల్లో చూపించే దిశలో కాకుండా అద్దంలో చూసినట్టు తిప్పి వేయండి. మధ్యలో మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ పోతే ఏ చెయ్యైనా మన గీతను మనమే చెరుపుకోం.

గ్రానైట్‌మెట్టు | డిసెంబర్ 20, రాత్రి 8:50

మీ అందరికీ సిమెంటు వాకిళ్లు, మట్టి వాకిళ్లు ఉన్నాయి. మాది కరీంనగర్. చుట్టూ గ్రానైట్ క్వారీలే కాబట్టి ఇంటి ముందు కూడా అద్దంలాంటి గ్రానైట్ వేయించారు మావారు. పిండి వేస్తే ఫ్యాన్ గాలికే పోతుంది. దీనికి మందు ఉందా?

సకినాలపిండి | డిసెంబర్ 21, ఉదయం 5:30

ఉంది. పొడి వద్దు, తడి పిండి. గుప్పెడు బియ్యం రాత్రి నానబోసి పొద్దున మెత్తగా రుబ్బు. మజ్జిగ కంటే కొంచెం చిక్కగా ఉండాలి. పాత నూలుబట్ట ముక్క చిన్నది అందులో ముంచి మూడు వేళ్ల మధ్య పట్టుకో. వేళ్లతో మెల్లగా పిండుతుంటే ఉంగరం వేలి కొస మీదుగా పాలు జారతాయి, ఆ వేలే నీ కలం. గీసేటప్పుడు నీళ్లలా ఉండి ఏమీ కనబడదు. భయపడి మళ్లీ దాని మీదే గీయకు. పావుగంటలో ఆరి తెల్లగా పైకి తేలుతుంది. అప్పుడు చూసుకుంటే కళ్లు చల్లబడతాయి. రెండు మూడు రోజులు ఉంటుంది, తొక్కినా పోదు.

గ్రానైట్‌మెట్టు | డిసెంబర్ 22, ఉదయం 8:10

అమ్మా, నిజంగానే తేలింది! పిల్లలిద్దరూ మెట్టు మీద కూర్చుని అది తెల్లబడటం చూశారు, బడి ఆటో వచ్చినా లేవలేదు.

కొత్తవాడబిడ్డ | డిసెంబర్ 22, సాయంత్రం 6:15

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మా తాత వరంగల్ కొత్తవాడలో షత్రంజీలు నేసేవాడు. 2018లో వరంగల్ డర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, అవే. ఆ మగ్గం మీద గుండ్రం రాదు, నిలువు పోగు అడ్డ పోగు లెక్కలోనే పూవు రావాలి, అందుకే డైమండ్లు, మెట్లు, అలల గీతలు. మా అమ్మ వాకిట్లో అవే వేసేది. చేతి ముగ్గు నేర్చుకునేవాళ్లందరూ నెమలి మీద పడతారు ఎందుకో. గడప వెంబడి ఒక వరుస డైమండ్లు, వాటి మధ్య చుక్క, కింద మెట్ల గీత వేసి చూడండి. చెయ్యి వణికినా తెలియదు.

గీతలటీచర్ | డిసెంబర్ 22, రాత్రి 9:00

భలే చెప్పారు. కొత్తవాకిలి గారూ, మీరు హన్మకొండలోనే ఉన్నారు కాబట్టి ఒక హోంవర్క్. ఆదివారం వేయిస్తంభాల గుడికి వెళ్లి, రంగమండపంలో నిలబడి తల పైకెత్తండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. పైకప్పులో చదరం లోపల ఇంకో చదరాన్ని ఏటవాలుగా తిప్పి పేర్చుకుంటూ పోయారు. మెడ నొప్పి పుట్టేదాకా చూసి, ఇంటికి రండి.

వాకిట్లో ఒక చదరం వేయండి. నాలుగు భుజాల మధ్య బిందువులు కంటితోనే చూసుకుని కలపండి, లోపల ఇంకో చదరం మూలల మీద నిలబడుతుంది. దాని భుజాల మధ్యలు కలపండి, మూడో చదరం. మధ్యలో ఎనిమిది రేకుల పద్మం. మూలల్లో మిగిలిన త్రిభుజాల్లో ఒక్కో ఆకు. అన్నీ నిటారు గీతలే, ఒక్క పద్మం తప్ప. భోగికి ఇది చాలు. గుర్తుపెట్టుకోవడానికి ఫోన్ అక్కర్లేదు.

చుక్కలపార్టీ | డిసెంబర్ 22, రాత్రి 9:20

ఇందులో లెక్క ఉంది. ఒప్పుకుంటున్నాను.

ఐనవోలు_తమ్ముడు | డిసెంబర్ 23, ఉదయం 10:30

అక్కలందరికీ దండాలు. మగవాణ్ణి మధ్యలో వచ్చానని అనుకోకండి, 402 అన్న ఉన్నాడని ధైర్యం. మా దగ్గర చుక్క లేని ముగ్గుల్లో పెద్దది పట్నం. మల్లన్నకు ఒగ్గు పూజారులు వేస్తారు, వేసేది మగవాళ్లే. మా ఐనవోలు గుడిలో సంక్రాంతికి జాతర మొదలైందంటే ఉగాది దాకా పట్నాలే. తెల్లపిండి, పసుపు (మేం బండారి అంటాం), కుంకుమ, ఆకుపచ్చ, నలుపు, అయిదు రంగులు. మా మామ పక్కన చిన్నప్పటి నుంచి పిండి పళ్లెం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆయన చేతిని గమనించాను: గీత వేసేటప్పుడు ఆయన కళ్లు చేతి మీద ఉండవు. గీత ఎక్కడికి పోవాలో ఆ చోటును చూస్తాడు. సైకిల్ నేర్చుకునేటప్పుడు చక్రం కాదు, ముందు రోడ్డు చూడమంటారే, అట్ల. నేను చెయ్యి చూసుకుంటూ వేస్తే పాములా వచ్చేది. చేరాల్సిన చోట ఒక వేలు పెట్టి, దాన్నే చూస్తూ వేస్తే సక్కగా వచ్చింది.

కొమురవెల్లిలో శివరాత్రికి పెద్దపట్నం చూసినవాళ్లకు తెలుసు. అంత పట్నం వేసి, పూజ అయ్యాక దాన్ని తొక్కుకుంటూ దాటుతారు. చిన్నప్పుడు చూసి ఏడ్చాను, అంత కష్టపడి వేసింది తొక్కేస్తున్నారని. మా మామ "తొక్కడానికే వేసిన్నం రా" అన్నాడు.

ఎడమచేయి | డిసెంబర్ 23, ఉదయం 10:55

చేరాల్సిన చోటును చూడమన్న మాట ఇప్పుడే వెళ్లి ప్రయత్నించాను. పనిచేస్తోంది!! పదేళ్లుగా ముగ్గులు వేస్తున్నాను, ఎవరూ చెప్పలేదు.

రంగులపిచ్చి | డిసెంబర్ 26, మధ్యాహ్నం 3:00

రంగుల గురించి ఎవరూ మాట్లాడరేం? గీతలు ఎంత బాగున్నా రంగు లేకపోతే ముగ్గు నిండదు. పోయినేడు మా కాలనీ పోటీల్లో నేను రెండు గంటలు చేత్తో వేసిన ముగ్గు పక్కన పెట్టి, రంగుల కుప్పలు పోసిన ముగ్గుకు ప్రైజ్ ఇచ్చారు. జడ్జీ ఫోన్ చూసుకుంటూ నడిచిపోయాడు. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు కాబట్టి ఈసారి రంగులే.

సకినాలపిండి | డిసెంబర్ 26, సాయంత్రం 4:40

జడ్జీ సంగతి వదిలెయ్యి. రంగు కావాలంటే కొనకుండా కూడా వస్తుంది. పసుపులో చిటికెడు సున్నం వేసి కలిపితే ఎరుపు, మన పారాణి అదే కదా. మట్టిరంగు కావాలంటే జాజు. జాజుతో అలికిన అరుగు మీద తెల్లముగ్గు వేస్తే వేరే రంగు ఎందుకు? గీత నిలబడాలంటే వెనక ముదురు నేల ఉండాలి, అంతే. మా రోజుల్లో పెండనీళ్లు చల్లేది అందుకు కూడానేమో అనిపిస్తుంది నాకు.

రంగు నింపేవాళ్లు మాత్రం గీత వేశాక రంగు వేసి, చివర మళ్లీ తెల్లగీత దాని మీదుగా లాగండి. రంగు అంచు దాటినా ఆ గీత కప్పేస్తుంది. టీ వడపోతలో పోసి తడితే రంగు సమంగా పడుతుంది.

కొత్తవాకిలి | జనవరి 4, ఉదయం 7:40

ఇన్ని రోజులు మాట్లాడలేదంటే మానేశానని కాదు. గుడికి వెళ్లొచ్చాను. పైకప్పు చూస్తూ అంతసేపు నిలబడితే, పక్కన ఎవరో పెద్దాయన "ఏం పోయిందమ్మా?" అని అడిగాడు.

మూడు చదరాలు వస్తున్నాయి. మొదటి చదరమే కొంచెం వంకర వస్తోంది, మిగతావి దాని వంకరను పట్టుకుని పోతున్నాయి. నా పద్ధతి ఇదీ: ముందు వాకిలి మధ్యలో చెప్పు పెట్టి, దాని నుంచి నాలుగు దిక్కులా నాలుగు అడుగులు కొలిచి నాలుగు చుక్కలు పెడుతున్నాను. చుక్కలపార్టీ గారు నవ్వొద్దు, నాలుగే.

ఇంకో సమస్య నడుం. అరగంట వంగితే లేవలేకపోతున్నాను.

చుక్కలపార్టీ | జనవరి 4, ఉదయం 8:00

నవ్వలేదు. నాలుగు చుక్కలు పెట్టారు, మా పార్టీలో చేరినట్టే.

గల్లీ_పిండిబండి | జనవరి 4, ఉదయం 9:15

నడుం ఒక్కటే వంచకండి, మోకాళ్లు కూడా మడవండి. పెద్ద ముగ్గుకు చిన్న పీట వేసుకుని, పని అయినంత మేర జరుపుకుంటూ పోండి. మా గిరాకీల్లో డెబ్బై ఏళ్ల అమ్మ ఒకామె పీటకు తాడు కట్టి లాక్కుంటుంది.

402_బాల్కనీ | జనవరి 5, రాత్రి 9:30

ఒక ఆవిష్కరణ. బతుకమ్మ పేర్చేటప్పుడు మా అమ్మ గునుగు వరుస పెడుతూ తాను తిరగదు, తాంబాలాన్ని తిప్పుతుంది. ట్రేలో ఉప్పుతో గుండ్రం వేసేటప్పుడు నేనూ అదే చేశాను, చెయ్యి ఒకచోట ఉంచి ట్రే తిప్పాను. గుండ్రం అచ్చుగుద్దినట్టు వచ్చింది. టైల్స్‌ను తిప్పలేం కాబట్టి అక్కడ నేనే తిరుగుతున్నాను: మడమ మధ్యలో ఆనించి, చెయ్యి చాచి, ఒంటిని మెల్లగా తిప్పడం. పొద్దున లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే పక్కింటాయన నన్ను ఆ భంగిమలో చూసి మళ్లీ కిందికి వెళ్లిపోయాడు.

గీతలటీచర్ | జనవరి 5, రాత్రి 9:45

😂 పోయినోళ్లు పోనీ, గుండ్రం వచ్చిందిగా.

కొత్తవాకిలి | జనవరి 13, రాత్రి 8:20

ఈరోజు భోగి. అయింది.

నాలుగున్నరకు లేచాను. సాన్పు చల్లి, చేతి వెనక ఆనించి చూసుకుని, ఐదుంబావుకు మొదలుపెట్టాను. మూడు చదరాలు, మధ్యలో పద్మం, మూలల్లో ఆకులు, గడప వెంబడి కొత్తవాడ డైమండ్లు. ఫోన్ ఇంట్లోనే వదిలేశాను. ఆరు గంటలకు పూర్తయింది. లేచి నిలబడి చూసుకుంటుంటే పాలబండి వచ్చింది. ఆ అబ్బాయి ఎదురింటి వైపు పోబోయి కుక్క అడ్డం వస్తే ఇటు తిప్పాడు. ముందు చక్రం బయటి చదరం మూలను, వెనక చక్రం ఒక ఆకును తీసుకుపోయాయి. ఒక్క నిమిషం ఏడుపొచ్చింది. అంతలో పట్నం సంగతి గుర్తొచ్చి, ఏడుపు పోయి నవ్వొచ్చింది.

టైరు గీతను తుడవలేదు. తడిబట్ట పెడితే మరక ఇంకా పెద్దదవుతుంది. ఆ గీతనే కాడ అనుకుని, దాని వెంబడి అటొకటి ఇటొకటి ఆకులు వేసుకుంటూ గేటు దాకా తీగ లాగాను. కొలత లేదు, చుక్క లేదు. ఇన్ని రోజుల్లో నా చెయ్యి ఆగకుండా పోయింది అక్కడే. ఎదురింటి అక్క వచ్చి చదరాలు చూడలేదు, నేరుగా తీగ దగ్గర నిలబడి "ఇదెట్ల తిప్పినవ్?" అని అడిగింది. పాలబండి గురించి చెప్పలేదు నేను.

అత్తమ్మ చూసింది. ఏమీ అనలేదు, లోపలికి పోయింది. సాయంత్రం రేపటి ముగ్గుకని చెంబు పట్టుకుని వాకిలి కడగబోతే, "ఉండనియ్యి బిడ్డా, పొద్దున్నే కడుగుదువు" అన్నది.

ఐనవోలు_తమ్ముడు | జనవరి 13, రాత్రి 8:35

అక్కా 👏👏 జాతరకు రండి, పట్నం చూపిస్తా.

గ్రానైట్‌మెట్టు | జనవరి 13, రాత్రి 8:50

ఫొటో ఏది??

సకినాలపిండి | జనవరి 13, రాత్రి 9:05

మంచిగైంది బిడ్డా. పొద్దున కడగడం మాత్రం మరవకు, పాతపిండి మీద కొత్తగీత నిలవదు. సకినాలు చుట్టడం అయిందా?